ముత్యానికి మంచం

"ఎవన్నో పరాయోన్ని తెచ్చి నా ఇంటెనుక షెడ్డుల పెడ్తనంటవేంది, మల్లక్కా?"

ఫోన్‌లో సదయ్య గొంతు ఖంగుమంది. గోదావరిఖని పక్క ఊళ్లో ఆయనది సొంతిల్లు. తమ్ముడు ఎల్లన్న బొగ్గుబాయిలో పనిచేస్తూ, భార్య మల్లక్కతో సెంటినరీ కాలనీ క్వార్టర్లో ఉంటాడు. క్వార్టర్లో కూలరు పెడితేనే కాలు పెట్టే సందుండదు. అందుకే మల్లక్క బావను బతిమాలుతోంది.

"పరాయేంది బావా! పోయిన ఎండకాలం మీ తమ్ముడు బతికింది ముత్యం రక్తంతోనేనాయె. దాన్లకెల్లే సూదిమందు చేసిండ్రట. ఇప్పుడు వయసైపోయింది, ఇగ రక్తం తియ్యద్దని పక్కకు పెట్టిండ్రు. నా అనేటోళ్లు లేరు. మనం కూడ కాదంటే ఏడికి పంపుతరో ఏమో..."

ఏడుపు ఆగక ఆమె ఫోను పెట్టేసింది.

పోయిన ఎండాకాలాన్ని సదయ్య ఎట్లా మరిచిపోతాడు? ఎండలు ఏటికేడు ముదురుతున్నాయి. పొదలూ తుప్పలూ పోయి, పాములకు కూడా చల్లటి చోటు మనుషుల ఇళ్లలోనే దొరుకుతోంది. కూలరు కింది తడికి చేరిన కట్లపాము, నేల మీద పడుకున్న ఎల్లన్నను కరిచింది. దవాఖానలో తమ్ముడి రెప్పలు వాలిపోతుంటే సదయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ మందు రక్తంలోంచి వస్తుందని మాత్రం ఆయనకు ఇవాళే తెలిసింది.

అయినా ఇంట్లో పెట్టుకునే ముందు నాలుగు మాటలు అడగడం మంచిది కదా. ఎల్లన్న పక్క క్వార్టర్ ఇంజినీరుగారమ్మాయి మైత్రి ఆ మందు తయారుచేసే చోటే పనిచేస్తుంది. ఆమెకు ఫోన్ చేశాడు.

"బిడ్డా, గా ముత్యం ఎసుంటోడు? తాగుడు గీగుడు ఉన్నదా?"

మైత్రి పగలబడి నవ్వింది. "నీళ్లు మాత్రం బాగా తాగుతాడు బాబాయిగారూ! అంత సాధువు మా దగ్గర ఇంకొకడు లేడండీ. సూది గుచ్చినా కదలడు. పెద్ద చప్పుళ్లంటేనే కాస్త భయం."

"బాయిల బ్లాస్టింగ్ అయితది మరి. ఫికర్ లేదు, నేను పక్కన్నే ఉంట. గిట్ల ఎంతమందిని బతికించిండు బిడ్డా?"

"ఎవరికి తెలుసండీ? ఎక్కడెక్కడో ఎవరెవరో బతికుంటారు. థ్యాంక్స్ చెబుదామని ఇంతవరకు ఒక్కరూ రాలేదు. మల్లక్కగారే మొదట."

సదయ్యకు సిగ్గేసింది. తనూ రాలేదు కదా!

"జల్ది తీస్కరార్రి. నా తమ్మున్ని బతికించినోడు నాకు తమ్ముడే. ముత్యం తిన్నంకనే నేను తింట."

ఇక సదయ్యను పట్టేవాళ్లు లేరు. షెడ్డు కడిగించి సున్నం వేయించాడు. తన గదిలోని కూలరు పీకి అక్కడ పెట్టాడు. కొత్త నులకమంచం, దాని మీద దుప్పటి, తలగడ. చెప్పులు కూడా కొన్నాడు, కొలత తెలియక కొంచెం పెద్దవే. గడ్డం గీసుకునే సామాను కొంటుంటే దుకాణం సదానందం అడిగాడు:

"చుట్టాలొస్తుండ్రా, సదన్నా?"

"చుట్టం కాదు, నా సొంతోడు. మీ వదిన పోయినంక ఇంట్ల మాట్లాడ మనిషి లేకపాయె. ఇగ ఇద్దరం ఉంటం," అన్నాడు సదయ్య. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో వెలుగు కనిపించింది.

మర్నాడు పొద్దున్నే బండి వచ్చి వాకిట్లో ఆగింది. ముందు సీట్లోంచి మల్లక్క, ఎల్లన్న, మైత్రి దిగారు. ఎల్లన్న వచ్చి అన్న కాళ్లకు మొక్కబోయాడు.

"నాకెందుకురా, ముత్యానికి మొక్కు. ఏడీ?"

"ఎనుక ఉన్నడే అన్నా."

"గీ ఎండల ఎనుక కూసోబెట్టిండ్రా? బుద్ధున్నదా మీకు!"

కొత్త శాలువా రెండు చేతులా పట్టుకుని సదయ్య బండి వెనక్కి పరుగెత్తాడు. కళ్లలో నీళ్లు ఆగడం లేదు. మైత్రి గడియ తీస్తుంటే బయటి నుంచే పిలిచాడు.

"రా తమ్మీ, గిది నీ ఇల్లే. నీ రుణం తీర్చుకునేటిది కాదు. మంచమేసిన, కాళ్లు కడుక్కొని జెర నడుం వాల్చు."

జవాబుగా ముత్యం సకిలించింది.