ఆలోచించి అడుగేసే ఇంజను

"ఛీ ఛీ! ఇదేం పనమ్మాయ్?" అన్నారు మాస్టారు, బొమ్మ రైలింజన్ని జేబురుమాలుతో పట్టుకుని తలకిందులు చేస్తూ.

జానెడు ఇంజను. పైతొడుగు కింద నుంచి ఎర్ర తీగ ఒకటి, నల్ల తీగ ఒకటి తొంగిచూస్తున్నాయి.

"పేగులు బయటికొచ్చిన ఎలకలా ఉంది. ముప్ఫయ్యేళ్ళ ఇంజను! దీని కడుపు కోసి చిప్పు పెట్టడానికి నీకు చేతులెలా వచ్చాయి?"

"పోయే ప్రాణం నిలబెట్టాను మాస్టారూ," అంది ఆమె. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు ఆమె. పక్కన కుర్చీలో ఆమె తండ్రి, వణికే కుడిచేతిని ఎడమచేత్తో అదిమిపట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు.

సైకిళ్ళ షాపు మీది హాలు. హాలంతా ఆక్రమించిన బల్ల, దాని మీద రెండు లైన్ల పట్టాలు, చుట్టూ అరడజను మంది సభ్యులు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఇక్కడ చేరి పాత ఇంజన్లు నడిపిస్తారు. మాస్టారు రిటైరైన హెడ్మాస్టరు, ఈ క్లబ్బుకి అధ్యక్షుడు. ఈ రోజు ఆయన ముందు సభ్యుల పుస్తకం తెరిచి ఉంది. పెన్ను మూత కూడా తీసి ఉంది.

"పాత ఇంజను పాతదిలాగే ఉండాలి. అది మన మొదటి నియమం. మీ నాన్న పేరు కొట్టేస్తున్నాను."

తండ్రి తలెత్తాడు. "అంతమాట అనకండి మాస్టారూ. వారమంతా ఈ ఒక్కపూట కోసమే ఎదురుచూస్తానండీ."

"ఆయన చెయ్యి వణుకుతోందండీ," అంది కూతురు. "రెగ్యులేటరు తిప్పితే చాలు, ఇంజను ఎగిరి పట్టాలు దాటేస్తోంది. పోయిన నెల మీ కాలి మీదే పడింది కదా! ఇప్పుడు చెయ్యి ఎంత వణికినా మెల్లగానే వేగం అందుకుంటుంది. ఆ సంగతి చిప్పు చూసుకుంటుంది."

"అన్నీ చిప్పే చూసుకుంటే ఇక మనమెందుకు, బల్ల తుడవడానికా? చేతిలో పనితనం ఉండాలి." మాస్టారు రెండో లైనులో తళతళలాడుతున్న తన ఇంజన్ని చూపించారు. "కొన్న రోజు నుంచి దీనికి ఒక్క స్క్రూ విప్పలేదు. రెగ్యులేటరు తిప్పగానే ముందు దీపం వెలుగుతుంది. ఓ క్షణం ఆగుతుంది. అప్పుడు కదులుతుంది. మీ ఇంజన్లు అలా చేస్తాయా? చెయ్యవు. ఇది పెద్దరికం! ఆలోచించి అడుగేస్తుంది."

నలుగురూ తలలూపారు. వారం వారం ఊపే తలలే.

మాస్టారు ఆమె తండ్రి ఇంజన్ని బల్ల మీద పెట్టి, రుమాలుని చెత్తబుట్టలో పడేశారు. వేళ్ళు ప్యాంటుకి రుద్దుకున్నారు. అది చాలక ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నారు. ఆమె ఇంజను విప్పిన రోజున లోపల గ్రీజంతా నల్లటి బంకలా మారి, ఇరుసులకి వెంట్రుకలు చుట్టుకుని, గీకుతుంటే కుళ్ళిన కంపు కొట్టింది. రెండు రోజులు గోళ్ళలోంచి పోలేదు. అప్పుడు కూడా ఆమెకి ఇంత వెగటు కలగలేదు.

"ఒకసారి నడిపించి చూద్దాం మాస్టారూ," అన్నాడు సభ్యుల్లో ఒకడైన పళ్ళ డాక్టరు. "పన్ను పీకే ముందు నేనైనా నోరు తెరిపించి చూస్తాను కదా."

"చూడండి. చూసి అందరూ ఉమ్మెయ్యండి. ఆ తర్వాతే కొట్టేస్తాను."

ఆమె సంచిలోంచి చిప్పుల్ని నంబరుతో పిలిచి నడిపించే డిజిటల్ పెట్టె తీసి, రెండు లైన్లకీ వైర్లు తగిలించింది. "ఎవరి ఇంజన్లు వాళ్ళు తీసేసుకోండి సార్. దీంతో పట్టాల్లో కరెంటు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. చిప్పు లేని మోటారు నిలబడ్డచోటే జుయ్యిమంటూ కాలిపోతుంది."

ఆ మాటతో హాలంతా కదిలింది. నిప్పు పక్క నుంచి పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు ఎవరి ఇంజన్ని వాళ్ళు ఎత్తుకున్నారు. పళ్ళ డాక్టరు తన రెండింటినీ రెండు జేబుల్లో కుక్కుకున్నాడు. మాస్టారు మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మాస్టారూ, మీది?"

"నా ఇంజను జోలికి రాకు. ముందు నీ నిర్వాకం చూపించు."

"కాలిపోతుందండీ!"

"నీ చేత చెప్పించుకోవాలా? కానియ్యి."

కాలితే కాలనీ అనుకుంది ఆమె. అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. తండ్రి ఇంజన్ని మొదటి లైను మీద నిలబెట్టి, పెట్టె ఆన్ చేసింది. దాని బటన్ల పలకని తండ్రి చేతిలో పెట్టింది.

"ఏ నంబరు తల్లీ?"

"మూడు నొక్కండి నాన్నా. తర్వాత ఆ పచ్చ బటను."

"మూడే ఎందుకు?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"కొత్త చిప్పు ఏదైనా మూడో నంబరుతోనే వస్తుందండీ. మనం మార్చేదాకా ఆ నంబరుకే పలుకుతుంది. ఈ హాల్లో ఇంకో చిప్పు లేదు కదా అని నేను మార్చలేదు."

మాస్టారి చేతులు విడిపోయాయి. "మూడా? ఉండు... ఉండమ్మాయ్, ఒక్క నిమిషం..."

తండ్రి వణికే బొటనవేలు అప్పటికే మూడు దాటి పచ్చ బటను మీద పడింది. మొదటి లైనులో ఆయన ఇంజను చిన్న కుదుపైనా లేకుండా, చీమ నడకతో బయల్దేరింది.

రెండో లైనులో మాస్టారి ఇంజనుకి దీపం వెలిగింది. ఓ క్షణం ఆగి, ఆలోచించి అడుగేసింది.