తలుపు రబ్బరు

"ఇంకొక్క చుక్క కారనీ, పాత సామాన్లోడికి ఎత్తిచ్చేస్తా," అంది తిమ్మక్క.

ఆమె వేలు పెట్టి చూపించింది గిన్నెలు కడిగే మిషన్‌ను. మాట మాత్రం కోడలు సుష్మకు.

మిషన్‌కు పన్నెండేళ్లు. బెంగళూరులో సుష్మ అన్న ఇల్లు మారుతూ వద్దనుకుంటే, ఆమె టెంపోలో వేయించుకుని సోమందేపల్లెకు తెచ్చుకుంది. వంటింట్లో తాడిపత్రి బండల మీద అది కూర్చున్న రోజు దానికి కుంకుమబొట్టు కూడా పెట్టింది. బడిలో పాఠం చెప్పడానికి పరుగెత్తే ముందు ఎనిమిది మంది తిన్న పళ్లాలు తోమినవాళ్లకే తెలుస్తుంది ఆ బొట్టు ఎందుకో.

తిమ్మక్కకు అది మొదటి నుంచీ గిట్టలేదు. కొళాయి ఐదు రోజులకోసారి వచ్చే ఊరు. చుట్టాలొచ్చినా సగం చెంబే ఇచ్చే చెయ్యి ఆమెది. తప్పు పట్టలేం. పొలంలో ఆరు బోర్లు వేయించి, ఆరింటిలోనూ తెల్లదుమ్మే చూసింది. అలాంటి మనిషి వారం నుంచి పొద్దున లేచి వంటింట్లో అడుగు పెడితే పాదాలు తడుస్తున్నాయి.

పెనుకొండ నుంచి మెకానిక్ జయరాజు వచ్చాడు. తలుపు చుట్టూ ఉన్న రబ్బరును వేలితో వంచి చూశాడు. అది ఎక్కడికక్కడ పగిలిపోయి ఉంది.

"రబ్బరు చచ్చిపోయినాదక్కా. మన ఎండలకు మనుషులే ఆగలేరు, పాపం ఇదెంత."

పాత రబ్బరు పీకాడు. గాడిలో ఇరుక్కున్న జిడ్డూ మెతుకులూ గీకి తుడిచాడు. కొత్త రబ్బరును వేడినీళ్లలో మెత్తబరిచి, మధ్యలో మొదలుపెట్టి మూలలదాకా నొక్కుకుంటూ పోయాడు. చివరికి తలుపు సందులో ఒక కాగితం పెట్టి, మూసి, లాగాడు. కాగితం చినిగింది గానీ బయటికి రాలేదు. సుష్మ చప్పట్లు కొట్టింది.

మర్నాడు పొద్దున మళ్లీ నీళ్లు.

జయరాజు మళ్లీ వచ్చి తలుపు బందులు బిగించాడు. ఆ మర్నాడూ నీళ్లే. పైగా ఆ రాత్రంతా కరెంటు లేదు.

"కరెంటు లేకున్నా కారుతాంది సూడప్పా! దీనికెంత పొగరు!" అంది తిమ్మక్క.

మూడోసారి వచ్చిన జయరాజు నీళ్లలో వేలు ముంచాడు. చల్లగా ఉన్నాయి. నురగ లేదు. సబ్బు వాసనా లేదు. కరెంటు లేకుండా మిషన్ ఎట్లా కారుతుంది? అతని చూపు మెల్లగా తిమ్మక్క చేతిలోని చెంబు మీదికి పోయింది. సుష్మ చూపూ అక్కడికే పోయింది.

జయరాజు మిషన్ వెనక దూరి చాలాసేపు ఏదో చేశాడు.

"గమ్ము పెట్టినా. రెండు దినాలు దీన్ని ఎవరూ ముట్టుకోవద్దండి," అని చెప్పి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ రెండు రోజులూ సుష్మ చేత్తోనే తోమింది. పొద్దున నీళ్లు మాత్రం ఆగలేదు. తోముతున్నంతసేపూ అత్తను ఓరకంట చూస్తూనే ఉంది. ఒక మిషన్‌ను వెళ్లగొట్టడానికి ఇంత నాటకమా? కోపమొచ్చింది. అంతకంటే ఎక్కువ ఏడుపొచ్చింది.

మూడో రోజు తెల్లవారుతుండగా వంటింట్లో చెంబు చప్పుడైంది. సుష్మ ఒక్క ఉరుకున పోయి లైటు వేసింది. చీర మోకాళ్లదాకా ఎగదోపుకుని, చెంబు పట్టుకుని, గొంతుక్కూర్చుని ఉంది తిమ్మక్క.

"దొరికినావత్తా!"

"ఏం దొరికినానే?"

"నువ్వే నీళ్లు పోస్తాండావు!"

"పోస్తాండానా? కండ్లు పోయినాయా నీకు? ఎత్తుతాండా! బిందె సూడు. ఇంత మంచి నీళ్లు నేల మీద పోసేదానికి నాకేమన్నా పిచ్చి పట్టినాదా?"

సుష్మ చూసింది. ఒక బిందె నిండిపోయింది, రెండోది సగానికొచ్చింది. నిజమే, ఈమె నీళ్లు పారబోయడమా? సూర్యుడు పడమట పొడిచినా జరగదు. సుష్మకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వులో కాలు జారి, తడి బండల మీద చతికిలపడింది. ఆమెను చూసి తిమ్మక్కకూ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కోడలి నెత్తిన అరచెంబు నీళ్లు కుమ్మరించింది. ఆ ఇంట్లో నీళ్లతో ఆడుకున్నది అదే మొదటిసారి.

అంతలోనే తేరుకుంది.

"నవ్వితే ఏమైతాది? కారింది కారిందే. పాత సామాన్లోడికి చెప్పి పంపిస్తా. ఎనిమిదింటికి ఎత్తుకపోతాడు."

సుష్మ తడిబట్టలతోనే జయరాజుకు ఫోన్ చేసింది. "అన్నా, మా అత్త కాదు. నేను కండ్లారా చూసినా. ఎట్లన్నా చేసి నా మిషన్‌ను కాపాడన్నా!"

ఏడున్నరకల్లా అతను బైకు దిగాడు. అప్పటికి మూడు బిందెలు నిండి ఉన్నాయి. జయరాజు మిషన్ వెనక్కి ఒకసారి తొంగి చూశాడు. చూసి అక్కడే నిలబడిపోయాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, బండలన్నీ తువ్వాలుతో పొడిగా తుడిచి, రెండు బండల సందు మీద అరచెయ్యి పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు.

వీధిలో పాత సామాన్లోడి కేక వినిపించింది. సుష్మ మిషన్‌కు అడ్డంగా నిలబడింది.

"ఏమప్పా జయరాజూ, నువ్వేసిన రబ్బరు కారుతాందా లేదా? ఒక్క మాట చెప్పు," అంది తిమ్మక్క.

"మీ మీద అనుమానపడి, మిషన్‌కు నీళ్లొచ్చే పైపు మొన్ననే ఊడదీసి నా షాపుకు తీస్కపోయినానమ్మా," అన్నాడు జయరాజు, చెమ్మగిల్లిన అరచెయ్యి ఆమె ముందు చాపి, "ఇది లీకు కాదు, బండల కింద ఊరుతాండే జల!"