రద్దు చేసుకున్న గది

"జర టీవీ సప్పుడు తగ్గియ్యి," అని మొగుడి మీద కసిరి, శ్రీలత ఫోన్‌లోకి తిరిగింది. "రూమ్ మిలేగా జీ?"

టీవీ గురించి కసిరిన మాట అటువైపు కూడా వినపడింది.

"మీది నల్లగొండ దిక్కా అమ్మా?" అంది ఒక ఆడగొంతు.

కచ్‌లో, సముద్రానికీ ఎడారికీ నడుమ ఏదో పల్లెలో, తెలుగు! శ్రీలత మొహం వెలిగిపోయింది.

ఆమె మొగుడు ఉపేందర్‌కు మిర్యాలగూడలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. కొత్తగా కొన్న కారులో భార్యతో చేయబోతున్న మొదటి దూర ప్రయాణమిది. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కనుచూపు మేర తెల్లటి ఉప్పు ఎడారి. అక్కడ ఒక ఇంట్లో దిగడానికి గదులిస్తారని నంబరు తెచ్చిచ్చింది అతని తల్లి ఆండాలు.

"బియ్యం లారీలు తోలేటోళ్లు చెప్పిండ్రు. మంచిగ సూసుకుంటదంట," అంది.

ఆ రోజు నుంచి గదులిచ్చే ఆమె రోజూ ఫోన్ చేసేది.

"కారు ఉప్పు మీదికి దింపకుండ్రి. పైకి గట్టిగనే కొడతది, లోపలంత బురద."

"మీ ఆయన కారం తింటడా? పప్పుల ఏమేస్తే ఇష్టం?"

"మీ అత్త మోకాళ్లు నొస్తయా? ఆమెను గూడ తీస్కరారాదూ?"

శ్రీలత ఊరు, అత్త పేరు, దుకాణం పేరు దాకా అన్నిటికీ జవాబు చెప్పేది. ఉపేందర్‌కు మాత్రం ఒళ్లు మండేది.

"గిరాకీ పోవద్దని సుట్టరికం కలుపుతున్నది. ఆడికి పోతే ఈమె ముచ్చట్లతోనే పొద్దుగూకుతది."

అంతలో దోస్తు ఒకడు ఎడారిలో రంగురంగుల గుడారాల ఫోటోలు పంపాడు. ఉపేందర్ వెంటనే అక్కడ బుక్ చేశాడు.

"మరి ఆ అక్కకు?" అంది శ్రీలత. "నేనైతే చెప్పలేను. నువ్వే చెప్పుకో."

అతనే ఫోన్ తీసుకున్నాడు.

"మేం వస్తలేం."

"ఎందుకు తమ్మీ?"

ఎందుకో కూడా చెప్పాల్సి వస్తుందని అతను అనుకోలేదు. నోటికి వచ్చింది అనేశాడు.

"మా అమ్మకు పాణం బాగలేదు. సీరియస్‌గ ఉంది."

"అయ్యో, ఏమైంది? మాట్లాడుతున్నదా? ఏ దవాఖాన్ల..."

ఆ గొంతు వణికింది. ఉపేందర్ ఫోన్ కట్ చేసి, ఆ నంబరు మళ్లీ రాకుండా బ్లాక్ చేశాడు.

వంటింట్లో బియ్యం చెరుగుతున్న ఆండాలు తొంగిచూసింది.

"ఎవరు రా?"

"గదులిచ్చే ఆమె. అంత ఖాయం జేసిన."

ఆండాలు మొహం విచ్చుకుంది. "పోయినంక ఆమెతోని మంచిగ మాట్లాడు బిడ్డా."

ఉపేందర్ తల్లి మొహంలోకి చూడలేకపోయాడు.

మర్నాడే బయల్దేరారు. ప్రయాణం అనుకున్నట్టే సాగింది. కానీ సముద్రం పక్కన పోతుంటే ఒక ఊరి బోర్డు కనపడింది.

"ఇదే కదా ఆ అక్కోళ్ల ఊరు," అంది శ్రీలత.

అతను కారు ఆపలేదు.

"మంచిగున్న తల్లిని నోటితోనే మంచాన పడేస్తివి," అంది ఆమె మెల్లగా.

ఉపేందర్ చెవులు వేడెక్కాయి. తెల్లటి ఉప్పు మీద నిలబడి ఫోటోలు దిగుతున్నా ఆ మాటే గుచ్చుతూ ఉంది. మనసాగక ఇంటికి ఫోన్ చేశాడు.

"నేను మంచిగున్న. మీరు నిమ్మలంగ రాండ్రి," అంది ఆండాలు.

ఇల్లు చేరేసరికి ఆమె గడపలో కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నా మీద అబద్ధం ఎందుకాడినవ్ రా?"

ఉపేందర్ చేతిలో బ్యాగు జారింది. "ఎవరు చెప్పిండ్రు?"

"ఆమెనే. రైళ్లు మారుకుంట వచ్చింది. స్టేషన్ల దిగి నీ దుకాణం పేరు అడుక్కుంట ఇంటికొచ్చింది. నేను వాకిట్ల చిక్కుడుకాయలు తుంచుతున్న. నన్ను సూసి గాడనే కూలబడి ఏడ్చింది."

ఉపేందర్ తల వాలిపోయింది. తను మోజుపడి గుడారాలకని కారు తోలుతున్న రాత్రి, ఆ మనిషి తన మాట నమ్మి రైల్లో కూర్చుని ఉంది.

"ఏడున్నదమ్మా? కాళ్ల మీద పడత."

"పొద్దుగాల పోయింది. మీరొచ్చే దినమని చెప్పినంక ఒక్క గడియ ఆగలె. 'నన్ను సూస్తే తమ్మి సిగ్గుపడతడు, ఒద్దు' అన్నది. నిన్ను ఒక్క మాట గూడ అననియ్యలె."

శ్రీలత మెల్లగా అడిగింది. "అత్తమ్మా, మొఖం తెల్వని మనిషి, మీకు బాగలేదంటే గంత దూరంకెల్లి ఎందుకొచ్చింది?"

ఆండాలు కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అప్పటికి వీడు చంకల పిల్లగాడు. ఆమె లారీ డ్రైవర్‌ను చేసుకుని పోయిందని కోపంతోని మీ మామ, ఆమె సచ్చిందని అందరికి చెప్పి, మా ఊరు పాలకీడునే ఇడిసిపెట్టి ఈడికొచ్చిండు. ఆయన ఉన్నన్ని దినాలు పేరెత్తనియ్యలె. ఆయన పోయినంక నంబరు దొరికినా, మాట్లాడే మొఖం నాకు లేకపాయె. అందుకే మిమ్మల్ని ఆడికి పొమ్మన్న."



ఆండాలు కొడుకు వైపు తిరిగింది.

"తల్లి సావుబతుకుల్ల ఉన్నదని తోడబుట్టినోడే చెప్తే, ఏ ఆడబిడ్డ ఆగుతది రా?"