కంచె అవతలి మట్టిగోడ

కంచె అవతల గోడ ఇంకో జానెడు లేచింది. త్రేస్య కడుపు భగ్గుమంది.

పక్కింటి రాహేలు కొత్తిల్లు కట్టిస్తోంది. సిమెంటు లేదు, ఇనుము లేదు. బావి తవ్విన మట్టి, ఊక, సున్నం. పైకప్పుకి, ఎక్కడో కూలగొట్టిన బడి తాలూకు పాత పెంకులు. కట్టేది మేస్త్రీ కాదు, ఇల్లరికం వచ్చిన అల్లుడు సజి. పొద్దున దిగితే మోకాళ్ల లోతు మట్టి తొక్కుతూనే ఉంటాడు.

రాహేలు గట్టున కూర్చుని, "సజీ, బాబూ, ఆ కిటికీ ఇంకాస్త పెద్దది పెట్టు. వాన చూస్తూ కూచోవాలి" అంటుంది. సజి పెడతాడు.

ఆ మట్టిలో ఏ గాజుపెంకు గుచ్చుకుంటుందో, ఏ జ్వరం తగులుకుంటుందో! ఈవిడకు పడితేగా, అనుకుంది త్రేస్య.

త్రేస్యది డాబా ఇల్లు. మధ్యాహ్నమైతే పెనం మీద కూర్చున్నట్టే. కొడుకు ఆ గడప తొక్కి ఏళ్లయింది. ఒకరికేమో చల్లని ఇల్లు, అడుగులకు మడుగులొత్తే అల్లుడు. చూస్తే ఒళ్లు మండదూ!

"మన వయనాడు వానకి ఆగుతుందా ఇది? కూలుతుంది చూడు" అంది కంచె మీదుగా.

"చూపులకే కూలేదైతే ఎప్పుడో కూలేది, వదినా!" రాహేలు పకపకా నవ్వింది. "మా వాడు కట్టింది కూలదు. లోపలికి రా, కర్రపెండలం ఉడికింది. చేపల పులుసుతో తిందువుగాని."

"నీ బురద నా కాళ్లకెందుకు?"

'మా వాడు'. ఆ మాట రోజంతా గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది.

జూన్ వాన పట్టుకుంది. కుండపోత. త్రేస్య కిటికీ వదల్లేదు. ఆ గోడ కూలాలని ఒక కొవ్వొత్తి మొక్కింది. వెంటనే, వద్దు తండ్రీ, కూలొద్దని రెండు మొక్కింది.

గోడ చెక్కుచెదరలేదు.

వాన తెరిపిచ్చిన పొద్దున, కొత్తింటి ముందు వెదురుకు దిష్టిబొమ్మ లేచింది. సరిగ్గా త్రేస్య కిటికీకి ఎదురుగా.

త్రేస్య కంచె దగ్గరికి ఉరికింది. "ఎవరి కళ్లకే ఇది? నా కళ్లకేనా?"

"అయ్యో, ఊరందరికీ వదినా! కట్టినవాడి చొక్కా తొడిగితేనే దిష్టి తగలదట. సజి పాతదొకటి తొడిగాం, అంతే."

త్రేస్య తలెత్తి చొక్కా వంక చూసింది.

గడ్డి కూరిన ఆ నీలం చొక్కా, "అమ్మా, మనకో మట్టిల్లు కడతానే" అన్న పాపానికి, అది కూలి అందరం చస్తామని ఏడ్చి తిట్టి తను కొడుకుని గడప దాటించిన రోజు, వాడి ఒంటిమీద ఉన్నదే.