కాలికి ఆసరా

“ఇది తొక్కితే కారు ఇంకా జోరుగా పోతుందా?”

భోజనాల బల్ల మీదున్న అల్యూమినియం పెడల్‌ని చేత్తో ముట్టకుండా, గరిటెతో చూపిస్తూ అడిగింది హెర్మీనియా.

“పోదమ్మా. దాన్ని తొక్కినా ఏమీ అవదు,” అన్నాడు ఆమె కొడుకు ఓల్మన్, అన్నంలో నల్ల చిక్కుళ్లు కలుపుకుంటూ. “దేనికీ కలపరు. కాలు ఆనించుకోవడానికంతే.”

“ఏమీ అవనిదాన్ని ఎవడైనా కొంటాడా?”

“మలుపుల్లో మనిషి పక్కకి ఒరిగిపోకుండా పట్టు దొరుకుతుంది.”

హెర్మీనియా గరిటె బల్ల మీద పెట్టేసింది. మలుపులు ఈ కార్తాగో ఊళ్లో ఎక్కడున్నాయి? ఉంటే సెర్రో కొండ మీదే ఉన్నాయి. పొగమంచులో ఎదురొచ్చే లారీ మీదికొచ్చేదాకా కనపడని దారి. చావుకొండ అని దానికి ఊరికే పెట్టలేదు పేరు. వీడు ఎవరితోనో పందేలు కాసి ఆ కొండ ఎక్కుతున్నాడన్నమాట. అందుకే తనని మాత్రం ఎక్కించుకోనంటున్నాడు.

కొండకి అవతల శాన్ ఇసిద్రోలో కూతురు యోర్లెనీ ఉంది. ఆమెకి పాప పుట్టి మూడో నెల నడుస్తోంది. హెర్మీనియా ఇంకా మనవరాలి మొహం చూడలేదు. బస్సెక్కుదామంటే, ఆ నడిపేవాడు రాత్రి నిద్రపోయాడో లేదో ఎవరికి తెలుసు? ఇంట్లో కారుంది. కానీ పోయిన నెల ఇద్దరూ అందులో శాన్ హోసే వెళ్లొచ్చినప్పటి నుంచీ ఓల్మన్‌ది ఒకటే మాట.

“నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని సెర్రో ఎక్కడం నావల్ల కాదమ్మా. దారంతా కొయ్యలా బిగుసుకుని కూర్చుంటావు. దిగాక మోకాలు పట్టేసిందని రెండ్రోజులు మూలుగుతావు.”

“ఎక్కనులే నీ కారు,” అని ఆమె కూడా అనేసింది. నోరు జారాక గానీ తెలియలేదు, ఎంత మాట అనేసిందో.

పాప కోసం ఉన్నిటోపీ ఒకటి అల్లిపెట్టుకుంది. ఈపాటికి తల పెరిగి ఉంటుందని విప్పేసి ఇంకాస్త పెద్దది అల్లింది. అల్లడం అయ్యేసరికి మళ్లీ అదే అనుమానం. మళ్లీ విప్పింది.

ఓల్మన్ ఆ వారమంతా పని నుంచి రాగానే షెడ్డులో దూరాడు. ఆ పెడల్ వాడి కారు కోసం చేసింది కాదు. పెళ్లికొచ్చినట్టు తళతళలాడుతోంది. గరుకు కాగితంతో రుద్ది ఆ మెరుపు పోగొట్టాడు. కారు లోపలి ప్లాస్టిక్కుతో కలిసేలా బూడిదరంగు పూశాడు. రంగు కుదరలేదని గీకేసి మళ్లీ పూశాడు. అట్టముక్కతో కొలత తీసుకుని, అడుగున బిగించే ఇనప పట్టీని వంచాడు. ఒక సాయంత్రం వెనక సీటు కింద, ఎవరికీ కనపడని చోటి నుంచి తివాచీ ముక్క కోసుకొచ్చి తల్లి కుట్టుమిషను మీద పెట్టాడు.

“దీనికి చుట్టూ అంచు కుట్టమ్మా. కొత్తది కొంటే రంగు తేడా వస్తుంది.”

“కుట్టను. రేపు నువ్వు లోయలో పడితే, ఆ అంచు నేనే కుట్టానని ఏడవాలా?”

“పడనులే. గట్టి దారం వెయ్యి. బాగా తొక్కుళ్లు పడే చోటు.”

“ఏమీ అవదన్నావు, మళ్లీ తొక్కుళ్లేమిట్రా?”

వాడు నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి బొత్తిగా నచ్చలేదు. అయినా కుట్టింది, బసిలికా చర్చిలోని నల్లమ్మ తల్లికి మనసులోనే దండాలు పెట్టుకుంటూ.

మర్నాడు యోర్లెనీ ఫోను చేసింది. “అమ్మా, ఇదిగో విను,” అంటూ ఫోను పాప దగ్గర పెట్టింది. చిన్న ఊపిరి, ఆ తర్వాత ఒక తుమ్ము.

“తుమ్మింది. చలిలో తిప్పుతున్నావా దాన్ని?”

“ఇక్కడ చలెక్కడిదమ్మా, చెమటలు కారిపోతుంటే. అంత బెంగైతే నువ్వే వచ్చి చూసుకోరాదూ?”

“చూద్దాంలే,” అంది హెర్మీనియా. కూతురు ఫోను పెట్టేశాక కూడా దాన్ని చెవికి ఆనించుకునే కూర్చుంది. ఆ తుమ్ము ఇంకా వినపడుతున్నట్టే ఉంది.

ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరబోతే నల్లబూట్లలో కుడికాలిది కనపడలేదు. మంచం కింద వెతికింది, పెరట్లో వెతికింది, పక్కింటి కుక్కని తిట్టింది. ఇంట్లో ఒంటిబూటు మిగిలిందంటే ఏదో కీడు మూడబోతోందనిపించింది. చివరికి చెప్పులతోనే వెళ్లింది. వాడి కారులో ఆ పెడల్ బిగించడం కుదరకూడదని నల్లమ్మ తల్లికి మొక్కుకుంది.

తిరిగొచ్చేసరికి కారు గేటు ముందుంది. ఆమె సంచి వెనక సీట్లో ఉంది.

“పద, పాపని చూసొద్దాం,” అన్నాడు ఓల్మన్. “ఆ టోపీ విప్పింది చాలు, అలాగే తెచ్చుకో.”

హెర్మీనియా కాళ్లు ఎక్కమన్నాయి, మనసు వద్దంది.

“ముందు ఆ పెడల్ సంగతి తేల్చు. అదుంటే నేను ఎక్కను.”

నడిపేవాడు కూర్చునే ఎడమవైపు తలుపు తీసి, స్టీరింగు కిందికి వంగి చూసింది. పాత తివాచీ తప్ప అక్కడేమీ లేదు.

“పీకేశావా నాయనా?” అంది.

ఓల్మన్ ఆమె చెయ్యి పట్టుకుని అటుపక్కకి తీసుకెళ్లి, కుడివైపు తలుపు తెరిచాడు. ఆమె కూర్చునే సీటు ముందు, కారుతోపాటే పుట్టినట్టు, ఆ బూడిదరంగు పెడల్ ఉంది. చుట్టూ ఆమె కుట్టిన అంచు. దాని మీద సరిగ్గా అమరి, ఆమె కుడికాలి నల్లబూటు.

“నీ బ్రేకమ్మా,” అన్నాడు ఓల్మన్. “ఇన్నాళ్లూ నా పక్కన కూర్చుని ఉత్త నేలనే తొక్కావు. ఇక ఎంత భయమేస్తే అంత గట్టిగా దీన్ని తొక్కు.”