ఉతకని చొక్కా

మొదటి వేటు భుజంలో దిగింది. తన అన్నను చంపిన సిద్దప్పను చెనక్కాయ చేని సాలులో పడేసి, ఏసోబు కొడవలి మళ్లీ ఎత్తాడు.

“మెడ మీద వెయ్యిరా,” అంది తల్లి రాహేలమ్మ. పగ తీరేదాకా ఉతకకూడదని దాచిన పెద్దకొడుకు నెత్తుటి చొక్కా ఆమె చేతిలో ఉంది.

కొడవలి దిగలేదు.

“అన్న చేతిలో సచ్చిన హేబెలు నెత్తురు నేలలోనుంచి మొర పెట్టిందని బైబిల్లో నువ్వే చదివితివి కదరా. మీ అన్నదీ అట్లే అరుస్తాండాది.”

“వీనిదీ అరుస్తాదమ్మా,” అన్నాడు ఏసోబు, సాలులోకి ఇంకుతున్న నెత్తురు చూస్తూ. “ఆ మొర గ్రంథమంతా ఆగలేదు. కడాకు దేవుని కొడుకునే చంపినారు. ఇంగ ఆ కొడుకు నాయన కత్తి తీసుకోని దిగొస్తాడనుకుంటి. రాలేదు. సచ్చే కొడుకే వీళ్లను క్షమించమన్నాడు. ఆడ ఆగింది ఆ మొర.”

“ఆ నాయనకు కడుపు మండలేదా?”

“మండింటాది. కొడుకు సిలువ మీద ఉంటే మిట్టమధ్యాన్నం చీకటైపోయిందంటే ఊరికేనా?”

రాహేలమ్మ చొక్కా వైపు చూసింది. దాన్ని మొహానికి ఒకసారి అదుముకుంది. తరువాత పళ్లతో చించి, సిద్దప్ప పక్కన కూలబడింది.

“కొడవలి పారేసి వీని చెయ్యి పట్టుకోరా. గట్టిగా కట్టల్ల, నెత్తురు పోతాండాది.”