మూడో రిపోర్టు

కుక్కల్ని కాపాడే సంస్థవాళ్లు, ఎవరైనా పెంచుకునేవాళ్లు దొరికేదాకా ఉంచమని నల్లదాన్ని నా దగ్గర వదిలారు. నేనే పెంచుకుంటానంటే, కుట్టుమిషను పెట్టాక మనిషి తిరగడానికే చోటులేని గదిలో కుదరదన్నారు.

సరే, నా తిక్క నాకుంది. మొదటి కుటుంబం అడిగినప్పుడు, సంస్థకి పంపే రిపోర్టులో “కరుస్తుంది” అని రాశాను. రెండోసారీ అదే రాశాను. మూడోసారి నమ్మరేమోనని, కత్తెర మొనతో ముంజేతిని పొడుచుకుని ఫొటో పంపాను. నల్లది మాత్రం మిషను కింద నా పాదాల మీద గడ్డం ఆనించి నిద్రపోతోంది.

ఇవాళ సంస్థ నుంచి ఒకమ్మాయి వచ్చింది. దీన్నిక ఎవరూ అడగరు, నాకే వదిలేస్తారు, నా నెత్తిన పాలు పోశారనుకుంటూ టీ పెట్టబోయాను.

“టీ వద్దక్కా,” అంటూ సంచిలోంచి మూతికి కట్టే చిక్కం తీసింది. “కరిచే కుక్కని ఎవరికిస్తాం? డాక్టరుగారు ఒక్క ఇంజెక్షనే అన్నారు. నిద్రలోనే పోతుంది.”

“అది కరవలేదమ్మా. అన్నీ నేనే అబద్ధం రాశాను.”

ఆ అమ్మాయి నా చేతికట్టు వైపు చూసి మెల్లగా అంది.

“పెంచినవాళ్లందరూ చివరికి ఇదే మాటంటారక్కా.”

నల్లది తోకూపుతూ ఆమె చెయ్యి నాకి, చిక్కంలోకి తనే మూతి పెట్టింది.